అతుకు లేని రోడ్డు

గడియారం బాబాయ్ కోతలు మొదలుపెట్టాడంటే వీధి మొగలో ఉన్న టీకొట్టు బెంచీ మీద చోటు దొరకదు. ఆ మధ్యాహ్నం మాత్రం బెంచీ సగం ఖాళీగా ఉంది. ఉన్నవాళ్ళు కూడా ఆయన మొహంలోకి చూడకుండా టీ గ్లాసుల్లోకి చూస్తున్నారు. అయినా ఆయన ఆగితేనా!

“ఈ వీధి రోడ్డుని కూడా ఒక పనంటారేంట్రా? విమానాలు దిగే రన్‌వే వేసినప్పుడు చూడాల్సింది నన్ను. తారు పరిచే మిషన్ పొద్దున్న కదిలిందంటే చివరిదాకా ఒక్క క్షణం ఆగకూడదన్నారు. ఓస్, ఇంతేనా అన్నాను. ఒక లారీ మిక్స్ దించి పక్కకి తప్పుకునేసరికి రెండో లారీ వెనక బంపర్ అక్కడ ఉండాలి, ఊపిరి పీల్చి వదిలినంత తేడా, అంతే. మిషన్ నడిపేవాడికి అన్నానికి దిగే తీరికేదీ? వాడి అన్నం కూడా లారీలోనే పంపించాను. అదీ పొగలు కక్కుతూనే చేరింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైందన్నయ్యా?” అంది టీకొట్టావిడ. మామూలు రోజుల్లో అయితే “ఆ, చెప్పు చెప్పు, మా చెవుల్లో పూలింకా వాడలేదు” అనేది. ఇవాళ జాలిపడి అడిగింది.

గడియారం అన్నది ఆయన పేరు కాదు, పని. ఊరి బయట తారు ప్లాంటులో కూర్చుని ఏ లారీ ఎప్పుడు బయల్దేరాలో చెప్పేది ఆయనే. వేడివేడి తారూ కంకరా కలిపిన మిక్స్‌ని లారీలో పోసి పైన పట్టా కప్పి పంపుతారు. లారీలు ముందుగా వచ్చి బారులు తీరితే మిక్స్ చల్లారి గడ్డకడుతుంది. ఆలస్యమైతే పరిచే మిషన్ నోరు తెరుచుకుని ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్యా లారీలని ఇన్నేళ్ళు చక్కగా నడిపించిన మనిషి. ఆయన కోతలు కోస్తాడని డ్రైవర్లందరికీ తెలుసు. పని వచ్చినవాడి కోతలు కాబట్టి నోరు తెరుచుకుని వినేవాళ్ళు.

అలాంటివాడు ఆ పొద్దున్న తన సొంత వీధి రోడ్డునే చేజేతులా పాడుచేసుకున్నాడు.

బెంచీ చివర రోలర్ డ్రైవర్ కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ రోలర్ మీద కూర్చుని అంతా కళ్ళారా చూసినవాడు. ఆ వీధి ఎంత ఇరుకంటే ఒక్క లారీ రివర్సులో లోపలికి వెళ్ళి సరుకు దించి వస్తేగాని రెండోది అడుగుపెట్టలేదు. దించిన డ్రైవర్ ఫోన్ చేశాకే తర్వాతి లారీని వదలాలన్నది బాబాయ్ పెట్టిన పద్ధతే. ఆ పద్ధతిని తనే పక్కనపెట్టి ఇవాళ లారీలన్నీ ఒకదాని వెనక ఒకటి తరిమేశాడు. అవి పెద్ద రోడ్డు మీద వరసగా నిలబడిపోయాయి. వాన ముందరి చలిగాలి తోలుతోంది. సగం వీధి పరిచేసరికి ఇంజనీరు తర్వాతి లారీ మిక్స్‌లో థర్మామీటర్ గుచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. దాని వెనకదీ చల్లారింది. ఆ వెనకదీ అంతే. అన్నీ తిప్పి పంపేశారు.

మళ్ళీ తెప్పిద్దామంటే, వానాకాలం ముంచుకొస్తోందని ప్లాంటులో మంట ఆర్పేశారు. వానలు వెళ్ళేదాకా ఇక వెలిగించరు. పాత రోడ్డు పొద్దున్నే గీకేశారు కాబట్టి మిగతా సగం వీధి రాళ్ళు తేలి నాగలి దున్నినట్టు ఉంది. బాబాయ్ ఇల్లు ఆ మిగతా సగంలోనే ఉంది. ఆ ఇంట్లో ఆయన అక్క ఉంది, వెన్నెముకకి ఆపరేషనైన మనిషి, వారం వారం ఆస్పత్రి వ్యాన్లో వైద్యానికి వెళ్ళి వస్తుంది. చిన్న గుంతలో చక్రం పడ్డా ఆవిడ పెట్టే కేక ఈ టీకొట్టు దాకా వినిపిస్తుంది. ఇవాళ కూడా తెల్లారకముందే వెళ్ళింది. వచ్చే వేళయింది. ‘నువ్వు తిరిగొచ్చేసరికి వీధి అద్దంలా ఉంటుందక్కా’ అని పొద్దున్న తమ్ముడు చెప్పి పంపాడు.

“విమానం వచ్చేసిందమ్మా!” బాబాయ్ గొంతు పెంచాడు. “కింద చూస్తే రన్‌వే సగమే అయింది. పైన చూస్తే విమానం. అందులో చమురు అయిపోయిందట, దిగి తీరాలట. అందరూ తలలు పట్టుకున్నారు. నేను ఫోన్ తీసి పైలట్‌తో ఒకటే మాటన్నాను, ‘నువ్వు దిగు నాయనా, నీ చక్రం కింద రోడ్డు పరిచే పూచీ నాది’ అని. దిగాడు! విమానం వెనక నుంచి తరుముకొస్తోంది, ముందు మా మిషన్ పరిగెడుతోంది, మిషన్‌కి ఎదురుగా మా లారీలు వచ్చి దించిపోతూనే ఉన్నాయి. ఇదిగో, ఈ రోలర్ వాడు విమానం కడుపు కింద దూరి చదును చేశాడు. అడగండి కావాలంటే!”

ఇంకోరోజైతే రోలర్ డ్రైవర్ లేచి “అవును, నా టోపీ దాని రెక్కకి తగిలి ఎగిరిపోయింది” అని తన వంతు కలిపేవాడు. ఇవాళ మాత్రం తలూపి ఊరుకున్నాడు.

“రోలర్ నడిచేది మనిషి నడకంతే కదా బాబాయ్?” అన్నాడో లారీ డ్రైవర్. పొద్దున్న తిప్పి పంపిన లారీల్లో ఒకటి అతనిదే. చల్లారిన సరుకుని పారబోసి, లారీ అడుగున గడ్డకట్టినదాన్ని పలుగుతో పొడిచి పొడిచి వచ్చాడు. అరచేతులు బొబ్బలెక్కాయి.

“నేను టైం చెబితే రోలరైనా గుర్రంలా దౌడు తీస్తుందిరా! చల్లారడం అంటారేంటి, చల్లారడం? కొండ మీద రోడ్డు వేసేటప్పుడు ఒక లారీ దారి తప్పింది. డ్రైవర్ అడవిలో లారీ ఆపి నిద్రపోయాడు. వాడు లేచేసరికి గడ్డం బొడ్డు దాకా పెరిగింది. భయపడుతూ పట్టా తీశాడు. ఏముంది? మిక్స్ కుతకుతలాడుతోంది! ఎందుకనుకున్నారు? బయల్దేరేటప్పుడు నేను చెయ్యిపెట్టి చూసి ‘చేరేదాకా ఇలాగే ఉండవే’ అని చెప్పి పంపాను. నా మాట జవదాటలేదు.”

చల్లారడం గురించి ఎవరూ అడగనే లేదు. తనంతట తనే ఎత్తుకున్నాడు. రోలర్ డ్రైవర్‌కి ఏడుపొచ్చినంత పనైంది. లేచి వెళ్ళి ఆయన నోరు మూసి కూర్చోబెడదామనిపించింది. కానీ ఆ కోతలు కూడా లేకపోతే ఈ మనిషి ఏం పట్టుకుని నిలబడతాడని ఆగిపోయాడు.

వీధిలో నుంచి గొలుసుల చప్పుడు వినిపిస్తోంది. పరిచే మిషన్‌ని ట్రెయిలర్ మీదకి ఎక్కిస్తున్నారు. వేరే ఊళ్ళో పని ఉందట, అక్కడి ప్లాంటు ఇంకా నడుస్తోందట. బాబాయ్ అటు చూడకుండా వీపు తిప్పి కూర్చున్నాడు. చేతిలో గ్లాసు ఒరిగి టీ ప్యాంటు మీద ఒలికినా తుడుచుకోలేదు.

“అన్నయ్యా, ఇంకో టీ ఇవ్వనా?” అంది టీకొట్టావిడ.

“ఆగమ్మా, అసలు కథ ఇప్పుడుంది. భూమికి అటు చివర ఒక దేశం ఉంది. అక్కడ తారు దొరకదు, కంకరా దొరకదు. ఆ దేశపు దొరగారు మనిషిని పంపారు, నాకు రోడ్డు కావాలి, నిన్ను మించినవాడు లేడట అని. మధ్యలో సముద్రం! నేనేం చేశాను? మొదటి లారీని సముద్రంలోకి దించమన్నాను. అది దించిన మిక్స్ మీద రెండోది, దాని మీద మూడోది. నీళ్ళకి సంగతి తెలిసేలోపు మా లారీలు దాటేస్తున్నాయి. చేపలు పక్కకి తప్పుకుని దారిచ్చాయి. పొద్దు వాలబోతుంటే సూర్యుడి వైపు వేలు చూపించి, నా చివరి లారీ చేరేదాకా అక్కడే నిలబడు అన్నాను. నిలబడ్డాడు! ఆ దొరగారి గుమ్మం ముందు చివరి లారీ పట్టా తీస్తే, ఆ వేడికి ఆయన మీసాలు…”

“ఒరేయ్ తమ్ముడూ.”

బెంచీ పక్కనే ఆస్పత్రి వ్యాను ఆగి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు. వీధి అవతారం చూసిన డ్రైవర్ ఇక లోపలికి తేనని ఇంజన్ ఆపేసినట్టున్నాడు. వెనక పరుపు మీద పడుకున్న అక్క కిటికీలోంచి తల కొంచెం ఎత్తి చూస్తోంది.

“భూమి అటు చివరిదాకా పంపావు కదరా,” అంది. ఆ గొంతులో కోపం లేదు, ఓపికా లేదు. “మన గుమ్మం దాకా ఒక్క లారీ పంపలేకపోయావా?”

టీకొట్టావిడ స్టవ్ తగ్గించింది. లారీ డ్రైవర్ తల వంచుకుని బొబ్బలు చూసుకుంటున్నాడు.

“బాబాయ్ తప్పేం లేదమ్మా, చలిగాలి...” అని రోలర్ డ్రైవర్ ఏదో అనబోయాడు. బాబాయ్ చేత్తో ఆపాడు. లేచి వ్యాను దగ్గరికి వెళ్ళి కిటికీ పట్టుకున్నాడు. అంతసేపూ అరిచిన గొంతు ఇప్పుడు పక్కవాడికి కూడా వినబడడం లేదు.

“లారీ కోసం మిషన్ ఆగినచోటల్లా రోడ్డులో అతుకు పడుతుందక్కా. అతుకు మీద చక్రం ఎక్కితే నీకు కుదుపు తగులుతుంది. మన వీధిలో ఒక్క అతుకూ ఉండకూడదనుకున్నాను. అందుకే అన్నీ వెంటవెంటనే తోలేశాను.”

ఆవిడ తమ్ముడి చేతి మీద చెయ్యి వేసింది.

“అతుకులుంటే పళ్ళు బిగబట్టుకునేదాన్ని కదరా పిచ్చోడా. ఈ రాళ్ళ మీద మాత్రం నా వల్ల కాదు. ఇవాళంటే ఇంటికి చేరాలి కాబట్టి ఎలాగో నలుగురూ మోసుకెళ్ళండి.”

ఆయన తల ఊపాడు.

“బళ్ళు ఎప్పుడు రావాలో చెప్పేవాడివి నువ్వే కదా,” అందావిడ. “ఈ వ్యాను డ్రైవర్‌కి కూడా నువ్వే చెప్పు. వచ్చే వారం నుంచి రానక్కర్లేదని.”