బావగారి దినచర్య

అదిగో, మళ్ళీ ఉమ్మేశారు! కషాయం మింగాలి బావగారూ, నా చొక్కా మీద చిమ్మడానికి కాదు. సరేలెండి, వంకరపోయిన మూతిలో ఏం నిలుస్తుంది? మళ్ళీ పోస్తాను. నాకేం తొందర?

పక్షవాతం కొట్టి ఆరు నెలలు. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. మా అక్కయ్య మంగతాయారు ఉంటే ఆవిడే చూసుకునేది. లేదు కదా! పిల్లలా, కలగలేదు. ఇక మిగిలిందెవరు? బావమరిదిని, నేనే. గుడ్లవల్లేరు మిల్లులో గుమాస్తా పని మానేసి మరీ వచ్చాను.

ఊళ్ళో ఏమంటున్నారో విన్నారా? నిన్న లక్ష్మీకాంతమ్మగారు అరుగు దగ్గర ఆగి, "చలపతీ, కన్నకొడుకు కూడా ఇంత చెయ్యడయ్యా" అన్నారు. అబ్బ, ఎంత సంతోషమేసిందో!

మరి ఊరికే అంటారా? తెల్లవారకముందే లేపుతున్నాను. తాటాకు ఈనెతో నాలిక గీస్తున్నాను. తల నుంచి అరికాలి దాకా తైలం, పెసరపిండి నలుగు, వేణ్ణీళ్ళ స్నానం, కళ్ళకి కాటుక. దీపాలవేళకి పల్చగా జావ, పెందలాడే పడక. అంతా బందరు వైద్యుడుగారి కాగితం ప్రకారమే. "తు.చ. తప్పకుండా జరిగితే ఉగాదికల్లా మాటొస్తుంది" అన్నారాయన.

ఆ చెయ్యి ఇలా పెట్టండి, గోళ్ళు తీస్తాను. ఈ చేతికేగా, గుడివాడ క్లబ్బులో పేకముక్కలు అంటుకుపోయేవి!

అన్నట్టు, గోడకి అంటించానే, ఆ కాగితం గుర్తుపట్టారా? మీకని రాసింది కాదండోయ్. అక్కయ్యకి రాసింది. "మందులు వేరు గానీ దినచర్య ఎవరికైనా ఒకటే, పాత కాగితమే చాలు" అన్నారు వైద్యుడుగారు. ఎంత ముచ్చటేసిందో నాకు!

ఆ పెద్ద తుఫానొచ్చిన ఏడు, దానికి ముందు వేసవిలో, కడుపులో మంట, కడుపులో మంట అంటుంటే నేనే బస్సెక్కించి బందరు తీసుకెళ్ళాను. ఆయన నాడి పట్టుకుని ఒక్కటే అడిగారు.

"ఎన్నింటికి తింటావమ్మా?"

"ఆయనొచ్చి తిన్నాకండీ" అంది.

"ఆయనెప్పుడొస్తారు?"

"ఒకరోజు రెండు, ఒకరోజు మూడు."

"ఎన్నేళ్ళ బట్టి?"

అక్కయ్య వేళ్ళు మడిచి చూసుకుని, "ఇరవయ్యారు" అంది. వైద్యుడుగారు కళ్ళజోడు తీసేశారు. సూర్యుడు నడినెత్తికి రాకముందే భోజనం అని రాసి, కింద రెండు గీతలు గీశారు.

ఇదే హాల్లో మీకు చదివి వినిపించాను. మీరప్పుడే తిని లేచారు. "మా ఇంట్లో ఆడవాళ్ళు మగాళ్ళ తర్వాతే తింటారోయ్. మీ వైద్యుణ్ణి తన పెళ్ళానికి చెప్పుకోమను" అన్నారు. అని, కాగితం లాక్కుని దాంతో చెయ్యి తుడుచుకున్నారు. ఆ పచ్చమరక మీ పప్పుదే. నేనే ఏరి దాచాను.

తుఫాను వెళ్ళిన మూడో నెలలో నెత్తురు కక్కుకుని పోయింది. వంటింట్లో ఆవిడ అన్నం మూతపెట్టినట్టే ఉంది.

అందుకే, అన్నీ కాగితం ప్రకారం చేస్తున్నాను గానీ, ఆ రెండు గీతల మాటొక్కటీ మార్చాను. మీకు మూడింటికి పెడుతున్నాను. నేను మాత్రం పదకొండింటికి, ఇక్కడే, మీ మంచం ఎదురుగా పీట వేసుకుని తింటున్నాను. ములక్కాడ పులుసు వాసన తగులుతోందిగా? మాటే పోయింది, ముక్కు బాగానే ఉంది మీకు!

కడుపు మాడితే వాతం ముదురుతుందిట. మొన్న వైద్యుడుగారొచ్చి, "ఇంకా గుణం కనపడదేమిటి చలపతీ?" అని బుర్ర గోక్కున్నారు. ఏమోనండీ, అన్నాను. ఎంత అమాయకంగా అన్నానో చూశారుగా!

ఏమిటా చూపు? మాటొస్తే మొట్టమొదట ఏమంటారో నాకు తెలుసు. "మరి నువ్వో?" అంటారు.

అవును. వచ్చినప్పుడల్లా మీ పక్క విస్తరి నాదే. అక్కయ్య నెయ్యిగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడేది. నేను మారు వడ్డించుకుని, పెరుగన్నం జుర్రుకుంటూ, మిల్లు కబుర్లు చెప్పి నవ్వించేవాణ్ణి. నువ్వు తిన్నావా అక్కయ్యా, అని ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారి అడిగానా? వైద్యుడు అడిగేదాకా నాకు తట్టనే లేదండీ.

కాబట్టి మీకు మాట రాకూడదు బావగారూ. ఊరంతా మెచ్చుకుంటున్నారు, మీరొక్కరే ఆ మాట అనగలిగినవారు. అది నేను వినలేను.

ఏడవకండి, కాటుక పెట్టిన కళ్ళు. పదకొండైంది. నేను వడ్డించుకొస్తాను.