ఖాళీగా ఉండాల్సిన ఆరో గది

వెనక తలుపుకి గొళ్ళెం పెట్టుకుంటే ఎట్లా వెర్లన్ గారూ? నేనేమన్నా ఇన్సూరెన్స్ ఏజెంటునా, మీ ముందు తలుపు కొట్టడానికి! ఈ నెబ్రాస్కాలో పాస్టరు, పోలీసు తప్ప ముందు తలుపులోంచి ఎవరొస్తారు చెప్పండి? ఇన్నేళ్ళ పొరుగువాణ్ణి, మీ ముందుగదిలో సోఫా ఏ రంగో నాకు ఇవాళే తెలిసింది.

కూర్చోనా? సరే, నిలబడే ఉంటాను.

కాలు ఆ స్టూలు మీదే పెట్టుకోండి, దించకండి. నొప్పి ఎలా ఉంది? అయ్యో, అడగకూడదేమో నేను.

ఇదుగో, మా ఆవిడ మేరీబెత్ నూడుల్స్ బేక్ చేసి పంపింది. అవును, ఆ గాజు గిన్నెలోనే. మీ ఆవిడ ఆర్లిస్ గారి అంత్యక్రియలప్పుడు పంపిన గిన్నె. మీ కాలికి దెబ్బ తగిలిన రోజు మీరు టమాటాలు నింపి తిరిగివ్వడానికి తెచ్చిన గిన్నె. పగల్లేదు చూశారా? టమాటాలే మొత్తం పోయాయి.

అసలు తప్పెవరిదో తెలుసా? నేను ఆ కబేళా కంపెనీ గురించి పేపర్లో రాశాను. చేతులు తెగిన కూలీల గురించి రాశాను. ఏం, నిజం రాయకూడదా? రాస్తే మా కిటికీ మీద రాయి విసురుతారా? మా పాప జూనీ ఉయ్యాల మీద గాజుపెంకులండీ! పసిపిల్ల! ఈ దేశంలో ముందు భయాన్ని తయారుచేస్తారు, తర్వాత దానికి మందని తుపాకీ అమ్ముతారు. భయం వాళ్ళ పంట. మనం వాళ్ళ పొలం. ఇదంతా ఒక...

సరే సరే. చెయ్యి దించండి. ఉపన్యాసం ఆపేస్తాను.

ఆ కిటికీకి ప్లైవుడ్ కొట్టింది మీరే. "ఏమన్నా అయితే ఫోన్ చెయ్యి అబ్బాయ్, కంచె దూకి వస్తా" అన్నారు. ఈ వయసులో కంచె దూకుతారా తాతగారూ అని నవ్వాను. ఆ మాట నాకు చాలి ఉండాల్సింది కదా? చాలలేదు.

తుపాకుల కొట్టుకి వెళ్ళాను. తుపాకులు వద్దని గ్రంథాలయం ముందు ప్లకార్డు పట్టుకుని అరిచిన వాణ్ణే. "ఆయుధం ఆస్తికి కాపలా కుక్క" అని రాసి పెట్టుకున్న వాణ్ణే. అక్కడ కౌంటరు దగ్గరున్న అమ్మాయి నన్ను గుర్తుపట్టింది కూడా. "ప్లకార్డు కారులో పెట్టి వచ్చారా సార్?" అంది. సిగ్గేసిందా? లేదండీ. దానికి తగ్గ సిద్ధాంతం అప్పటికే తయారుగా ఉంది నా దగ్గర.

ఏమిటంటే, కొత్త పిస్తోళ్ళు యుద్ధవ్యాపారుల ప్లాస్టిక్ సరుకు. గుడ్డిగా వరసపెట్టి కాలుస్తాయి. పాతకాలపు రివాల్వర్ అలా కాదు. ఒక్కో తూటాకీ ముందు బొటనవేలితో వెనకున్న సుత్తి లాగాలి. అంటే ప్రతిసారీ మనిషి ఆలోచించుకోవాలి. "ఇది అంతరాత్మ ఉన్న ఆయుధం" అన్నాను. ఆ అమ్మాయితోనే అన్నాను! ఆవిడ చూయింగ్ గమ్ నములుతూ విన్నది.

రెండు తీసి పక్కపక్కన పెట్టింది. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ ఒకదాని లోపల కొత్తరకం అడ్డుకమ్మీ ఉంది, ఆరూ నింపినా, కింద పడినా పేలదు. రెండోది అచ్చం పాత పద్ధతి. అది కొంటే ఐదే నింపాలి, సుత్తి కిందికి వచ్చే ఆరో తూటా గది ఖాళీగా ఉంచాలి, లేకపోతే కింద పడితే పేలుతుంది. ఇదేమన్నా రహస్యమా? ఇక్కడ బడికెళ్ళే పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. దాంతో ఇచ్చిన కాగితం ఇంటికొచ్చి మేరీబెత్‌కి చదివి వినిపించాను కూడా.

మరి అడ్డుకమ్మీ ఉన్నదే ఎందుకు తీసుకోలేదంటారా?

చప్పుడండీ. ఆ పాతదాని సుత్తి లాగితే టిక్కు టిక్కుమని ఒక చప్పుడు వస్తుంది. వాల్‌నట్ చెక్క పిడి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్నానాలగది అద్దం ముందు నిలబడి లాగి చూసుకున్నాను. నడుం మీద చెయ్యేసుకుని. ఇదీ నా అంతరాత్మ!

నవ్వండి, ఫర్వాలేదు. నవ్వడం లేదా?

ఐదే నింపేవాణ్ణి మొదట్లో. తర్వాత మన వీధి చివర గరాజు తాళం పగలగొట్టారని విన్నాను. ఆరోది కూడా దూర్చేశాను. ఆస్తి మీద ఆశ లేదని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి, ఇంకొక్క తూటా మీద ఆశపడ్డాను.

పోలీసు డెప్యూటీతో మీరేం చెప్పారో నాకు తెలుసు. "కుర్రాడు దాన్ని ముట్టుకోలేదు, బల్ల అంచున ఉంది, నా మోచెయ్యి తగిలి కింద పడింది" అన్నారట. మీ పిక్కలోంచి తూటా దూసుకుపోయి నెత్తురు కారుతుంటే, నా కోసం అబద్ధం ఆడారు. ఎవరాడమన్నారు మిమ్మల్ని? చెప్పండి! అందరూ నా వీపు తట్టి "యాక్సిడెంటు కదా కార్విన్, బాధపడకు" అంటున్నారు. మేరీబెత్ కూడా. ఆ ఓదార్పు నాకు చెందదు.

డెప్యూటీకి కాదు, మేరీబెత్‌కి కూడా కాదు, మీకొక్కరికే చెప్పాలని వచ్చాను. మీరనుకుంటున్నారు కదా, తలుపులోంచి ఎండ నా కళ్ళలో పడింది, మీరెవరో కనపడలేదు, అందుకే తుపాకీ ఎత్తాడు అని? తర్వాత కంగారులో బల్ల మీద పెట్టబోతే జారింది అని?

జారడం నిజమే. కంగారూ నిజమే.

కానీ వెర్లన్ గారూ, మీ దగ్గు విన్నాను నేను. తలుపు తెరవకముందే. మెట్ల మీద దగ్గుతారు కదా మీరు ఎప్పుడూ, వస్తున్నానని చెప్పడానికన్నట్టు. మొదట అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడి ఎత్తాను, అది వేరు. దగ్గు వినగానే మీరేనని తెలిసింది. దించెయ్యాలి కదా? దించలేదు.

మీరు లోపలికొచ్చి ఆగిపోయారు. రెండు చేతులతో గిన్నె పట్టుకున్నారు, చేతులు పైకెత్తడానికి కూడా లేదు. టమాటాలు ఒక్కొక్కటే దొర్లి పడుతున్నాయి. "కార్విన్, నేనయ్యా" అన్నారు. మీ గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. ఈ ఊళ్ళో నా మాటకి భయపడిన వాడు ఒక్కడూ లేడు. కబేళా యజమాని నవ్వాడు. కౌన్సిల్ వాళ్ళు ఆవలించారు. మీరు భయపడ్డారు. నా బొటనవేలు సుత్తి మీద ఉంది, ఆ టిక్కు చప్పుడు మీకు వినిపించాలనిపించింది.

బాగుందండీ. ఆ కాస్సేపు నాకు చాలా బాగుంది.

అదీ సంగతి. అధికారం మనిషిని కుళ్ళబెడుతుందని కరపత్రాలు పంచాను కదా, ఎంత తొందరగా కుళ్ళబెడుతుందో అందులో రాయలేదు.

ఏదో ఒకటి అనండి. తిట్టండి. డెప్యూటీని పిలవండి, ఫోన్ నేనే అందిస్తాను.

...ఏమిటీ? గిన్నె?

అది ఇక్కడే ఉంచండి, ఖాళీ అయ్యాక ఎప్పుడో... ఇప్పుడేనా? నూడుల్స్ మీ పళ్ళెంలోకి తీసేసి, గిన్నె నన్ను పట్టుకెళ్ళమంటారా?

ఖాళీగానా?

గిన్నె ఎవరూ ఖాళీగా పంపరు కదండీ. మీరు వంట రాకపోయినా టమాటాలు కోసుకొచ్చి నింపారు.

సరే. అర్థమైంది. లేవకండి, గరిటె నేనే తెచ్చుకుంటాను.

...ఇదుగో, కడిగేశాను. వెళ్తాను.

ఏ తలుపులోంచి? అబ్బే, అడగక్కర్లేదు లెండి. ముందుదే.