రాణీగారిచ్చిన లేసు

నరసాపురం రేవుకి జనాన్నీ బళ్ళనీ దాటించే పంటు ఎప్పుడొస్తుందో చెప్పగలిగేది గోదావరి ఒక్కటే. ఆ రోజు పొద్దున్న ఆటు బాగా తీసేసరికి పంటు అవతల సఖినేటిపల్లి ఒడ్డున ఇసుక మీద కూర్చుండిపోయింది. మళ్ళీ పోటు వచ్చి లేపితేగానీ కదలదు. రేవు దాటాల్సిన వాళ్ళంతా బళ్ళకి స్టాండు వేసి అప్పాజీ టీ కొట్టు ముందు బల్లల మీద సర్దుకున్నారు. వాళ్ళలో సుకుమార్ కూడా ఉన్నాడు కాబట్టి పొద్దుపోదన్న బెంగ ఎవరికీ లేకపోయింది.

సుకుమార్ ఇంజనీరింగ్ నాలుగో ఏడు. కాలేజీ వాళ్ళు ఒక సెమిస్టరు చదువుకి బెల్జియం పంపితే వెళ్ళి, వారం కిందటే తిరిగొచ్చాడు. అతను వచ్చిన దగ్గర్నుంచి నరసాపురంలో బెల్జియం గురించి తెలియని మనిషి లేడు. ఇప్పుడు అవతలి ఒడ్డున ఉన్న మేనత్తని చూడ్డానికి బయల్దేరి, రంగు కాగితం చుట్టిన పొట్లం ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఎదురు బల్ల మీద కూర్చున్న ప్రిస్కిల్లా ఆ పొట్లం వంక చూడనైనా లేదు. ఆ పిల్ల చూపంతా తండ్రి చేతిలో ఉన్న పెన్ను మీదే ఉంది. సుకుమార్ చదివే కాలేజీలోనే ఆమె మూడో ఏడు చదువుతోంది, వచ్చే సెమిస్టరుకి అదే బెల్జియానికి ఎంపికైంది. తండ్రి సంతకం పెట్టిన కాగితం సాయంత్రం అయిదు లోపు కాలేజీకి పంపాలి. తండ్రి ఎజ్రా ఆ రేవులోనే టికెట్లు ఇచ్చే గుమాస్తా. ఇరవై ఏళ్ళుగా జనాన్ని అవతలి ఒడ్డుకి పంపడమే గానీ తను రాజమండ్రి దాటి వెళ్ళిన మనిషి కాదు. ఆ కాగితాన్ని నాలుగు రోజులుగా టికెట్ల సొరుగులో దాచి, వెళ్ళొచ్చిన అబ్బాయి నోటంట విన్నాకే పెడతానంటూ వచ్చాడు. ఇవాళ ఆ అబ్బాయే రేవులో దొరికాడు. ఎజ్రా టికెట్ల కిటికీ మూసి వచ్చి, కాగితం మోకాలి మీద పరుచుకుని, పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చున్నాడు.

పక్కనే ఎజ్రా తల్లి వీరమ్మ ఉంది. కొడుక్కి క్యారేజీ తెచ్చి, కబుర్లు వినొచ్చని ఉండిపోయింది. చేతిలో లేసు సూది, ఒళ్ళో దారపుండ. ఆవిడ నోరు ఆగినా చేతులు ఆగవు. ఒక్కో రేకూ లెక్కపెట్టుకుంటూ ఎనిమిది రేకుల పువ్వులు అల్లుతోంది. అలాంటి పువ్వులు ఒక సంచీ నిండితే, వాటిని అతికి పెద్ద గుడ్డ చేసి ఏజెంటుకి ఇస్తుంది.

"అక్కడ ఒంటరిగా ఊళ్ళు తిరగ్గలిగారా అండి?" అని ప్రిస్కిల్లా అడిగింది. తండ్రికి ధైర్యం వచ్చే జవాబు వస్తుందని ఆశపడింది. సుకుమార్‌కి మాత్రం కాలవకి లాకులు ఎత్తినట్టయింది.

మొదటి వారంలోనే ఒక రైలు తప్పిపోయిందన్నాడు. అంతవరకూ ఎవరికైనా జరిగేదే. ఫోటో తీసుకుందామని మధ్యలో స్టేషన్లో దిగితే తలుపులు వాటంతటవే మూసుకుని రైలు వెళ్ళిపోయిందట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? ఇంకొకడైతే అక్కడే కూర్చునేవాడు. నేను బ్యాగు తగిలించుకుని పట్టాల పక్కనే పరుగందుకున్నాను."

పరిగెత్తగా పరిగెత్తగా ముందు ఆఖరి పెట్టె కనబడిందట, తర్వాత మధ్య పెట్టెలు, కిటికీల్లోంచి తెల్లవాళ్ళు చేతులూపారట, చివరికి డ్రైవరుకి నమస్కారం పెట్టి మరీ దాటేశాడట. పై స్టేషన్లో కాఫీ తాగి కప్పు కడిగి ఇచ్చేశాక గానీ ఆ రైలు రాలేదట.

"ఎంత దూరం ఉంటుంది బాబూ?" అని అప్పాజీ టీ వడగట్టడం ఆపేసి అడిగాడు.

"ఇక్కణ్ణుంచి పాలకొల్లు అంత."

అప్పాజీ నోరు తెరిచాడు. ఎజ్రా మాత్రం పెన్నుకి మూత పెట్టాడు. మనుషుల్ని దారిలో వదిలేసి పోయే రైళ్ళున్న దేశమా అది, అని ఆయన ముఖమే చెప్పింది.

ప్రిస్కిల్లా అది చూసింది. "అక్కడ చూడ్డానికి మంచి మంచివి ఉంటాయట కదండీ, ప్యారిస్ కూడా దగ్గరేనట," అని మాట మళ్ళించింది. ఆ మళ్ళించడమే తప్పయింది.

ప్యారిస్‌లో ఆ పెద్ద ఇనప టవరు దగ్గరికి వెళ్ళేసరికి లిఫ్టు పాడైపోయిందట. రెండు వేల మంది తలలు వేలాడేసుకుని నిలబడ్డారట. మన సుకుమార్‌కి చిన్నప్పుడు తాతగారి తోటలో కొబ్బరిచెట్లెక్కిన అలవాటు ఉండనే ఉంది. బెల్టు విప్పి పాదాలకి బందంలా వేసుకుని ఎక్కడం మొదలుపెట్టాడట. సగం దూరంలో మబ్బులు తగిలాయట. వాటిని చేత్తో పక్కకి తోసుకుంటూ పై కొమ్మదాకా వెళ్ళి, అమ్మ కట్టిచ్చిన పులిహోర అక్కడ కూర్చుని తిన్నాడట.

"అమ్మ కట్టిన పులిహోర అన్నాళ్ళు ఎలా నిలవుంది నాయనా?" అని వీరమ్మ అడిగింది.

"ఆ చలికి ఏదీ పాడవదండి మామ్మగారూ," అన్నాడు సుకుమార్, కొంచెం కూడా తడుముకోకుండా.

వీరమ్మ తల ఊపి, చేతిలో పువ్వు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, నీ కథలో పడి రేకు ఎక్కువేశానంటూ విప్పి మళ్ళీ మొదలెట్టింది.

నిజం చెప్పాలంటే ప్రిస్కిల్లాకి కూడా లోపల సరదాగానే ఉంది. ఆ మబ్బుల్ని తనూ పక్కకి తోయాలనిపించింది. కాగితం మీద సంతకం పడి ఉంటే ఆ కథ సాయంత్రం దాకా వినేది. తండ్రి వంక చూస్తే మాత్రం, ఈ అబ్బాయి నోట్లో ఓ బన్ను ముక్క కుక్కితే బాగుణ్ణనిపించింది. ఎజ్రా పెన్నుని అప్పుడే జేబులోకి చేర్చాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ?"

ఆ తర్వాత మంచుకొండలు వచ్చాయి. మెడ లోతు మంచులో నడుస్తుంటే ఎదురుగా ఎలుగుబంటి. పారిపోదామంటే కాళ్ళు కూరుకుపోయాయి. దగ్గర ఉన్న ఆయుధమల్లా ఆవకాయ సీసా. మూత తీసి ముందుకి తోస్తే ఎలుగుబంటి సీసాలోకి మూతి పెట్టి మూడు గుక్కలు లాగిందట. కళ్ళ వెంట నీళ్ళు, చెవుల్లోంచి పొగలు. అది గట్టిగా ఊపిరి వదిలితే ఎదురుగా ఉన్న కొండ మీద మంచు కరగడం మొదలైందట.

"ఒక్క ఊపిరికేనా?" అన్నాడు అప్పాజీ.

"గుంటూరు మిరపకాయ అండి మరి. కొండ కొండంతా నీళ్ళైపోయింది. గోదావరికి వరదొస్తే మనం చూడమా, దానికి రెండింతలు. కింద లోయలో రాణీగారి కోట, ఆవిడకి తొంభై ఏళ్ళు. కోట మొదటి అంతస్తు మునిగిపోయింది. వాళ్ళ సైనికులందరూ ఒడ్డున నిలబడి ఏడుస్తున్నారు. ఒక్కడికీ గెడ వెయ్యడం రాదు."

ఇక్కడ సుకుమార్ ఆగలేక లేచి నిలబడ్డాడు. బల్ల మీద జనం కూడా కొంచెం లేచారు. భోజనాల బల్ల తిరగేసి పడవ చేశాడట. జెండా కర్ర పీకి గెడ చేశాడట. నాలుగు సుడులు తప్పించి, కిటికీలోంచి రాణీగారిని వీపు మీదికి ఎక్కించుకుని, ఆవిడ కుక్కని చంకలో పెట్టుకుని ఒడ్డుకి చేర్చాడట. రాణీగారు కన్నీళ్ళు పెట్టుకుని, ఏం కావాలో కోరుకో అన్నారట. ఏమీ వద్దన్నాడట. అప్పుడావిడ పెట్టె తెరిచి, ఏడేళ్ళు కూర్చుని తన చేతులతో అల్లిన లేసు గుడ్డ తీసి ఇచ్చారట.

సాక్ష్యం కావాలా అన్నట్టు సుకుమార్ పొట్లం విప్పాడు. మీగడ రంగు లేసు గుడ్డ, మూల నుంచి మూలకి పువ్వులే. అంత పని చూశాక ఎలుగుబంటిని కూడా నమ్మచ్చనిపించింది.

ఎజ్రా కాగితం రెండు మడతలు పెట్టాడు. "తప్పిపోయే రైళ్ళు, ఎలుగుబంట్లు, వరదలు. ఇందులో సగం అబద్ధమే అనుకుందాం, మిగతా సగానికి నా పిల్లని ఎలా పంపను? ఇక్కడే చదువుకోమ్మా," అన్నాడు.

ప్రిస్కిల్లాకి ఏడుపొచ్చింది. అవన్నీ కోతలు డాడీ, అందామనుకుంది గానీ, వెళ్ళిరాని తన మాటకంటే వెళ్ళొచ్చిన వాడి మాటకే విలువెక్కువని ఆమెకి తెలుసు.

అప్పుడు వీరమ్మ సూది పక్కన పెట్టింది. రాణీగారి చేతి పని ఓసారి చూడనీ బాబూ అంటూ చెయ్యి చాపింది. సుకుమార్ గర్వంగా అందించాడు. ఆవిడ గుడ్డని వెలుగుకి ఎత్తి చూడలేదు, కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమింది. ఒక మూల, రెండో మూల, మూడో మూల దాటి నాలుగో మూల దగ్గర వేళ్ళు ఆగాయి. మళ్ళీ తడిమింది. బోసినోటితో నవ్వింది.

"బాబూ, ఈ పువ్వుకి రేకులెన్నో లెక్కపెట్టు."

సుకుమార్ లెక్కపెట్టాడు. తొమ్మిది.

"పక్కదానికి?"

ఎనిమిది. దాని పక్కదానికీ ఎనిమిదే. అప్పాజీ కూడా వంగి గుడ్డంతా లెక్కపెట్టాడు, ఆ మూల పువ్వుకి తప్ప దేనికీ తొమ్మిది లేవు.

"ఇది అల్లుతుంటేనే మా ప్రిస్కిల్లా పరిగెత్తుకొచ్చి, మామ్మా ఇంజనీరింగ్ సీటొచ్చిందని చెప్పింది. ఆ సంతోషంలో లెక్క తప్పాను. విప్పడానికి మనసొప్పలేదు. పైదేశాలకి పంపే ఏజెంటు ఇదంతా చూడడులే అని అతికేసి ఇచ్చేశాను," అంది వీరమ్మ. గుడ్డని ఒళ్ళో పరుచుకుని నెమ్మదిగా సుకుమార్ ముఖంలోకి చూసింది. "అయితే ఆ రాణీగారు నేనే అన్నమాట నాయనా. నన్ను వీపు మీద ఎప్పుడు మోశావో గుర్తు రావట్లేదు."

రేవు రేవంతా నవ్వింది. అప్పాజీ అయితే టీ గిన్నె పట్టుకుని కూలబడ్డాడు. సుకుమార్ చెవులు ఎర్రబడ్డాయి. తప్పించుకుందామని నది వైపు చూశాడు, పంటు ఇంకా ఇసుక మీదే ఉంది.

"కొన్నానండి," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

నవ్వు ఆగాక మెల్లగా చెప్పుకొచ్చాడు. సెమిస్టరంతా హాస్టలు, ల్యాబు, రైసు కుక్కరు. తిరిగినవి రెండే ఊళ్ళు. ప్యారిస్ క్లాసు వాళ్ళతో బస్సులో వెళ్ళాడు. లిఫ్టు బాగానే ఉంది, రెండో అంతస్తులోనే కళ్ళు తిరిగితే కిందికి దింపేశారు. ఇంకో ఊరు వెళ్తుంటే రైలు తప్పిపోయిన మాట మాత్రం నిజం. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఏడుస్తుంటే రైల్వే ఉద్యోగి ఒకావిడ వచ్చి, పక్కన కూర్చుని, ఎక్కాల్సిన రైలు నంబరు అతని అరచేతిలో రాసి, తనే తీసుకెళ్ళి ఎక్కించింది. ఆ ఊళ్ళో ఒక దుకాణం అద్దంలో ఈ గుడ్డ కనబడింది. తమ ఇంట్లో టీవీ మీద అమ్మ వేసే గుడ్డలాగే ఉంది. చాలాసేపు అక్కడే నిలబడి, ఇంక ఉండలేక లోపలికెళ్ళి కొన్నాడు.

"అది తలకింద పెట్టుకుంటే ఇంట్లో పడుకున్నట్టుండేదండి," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఎజ్రా ఇంకేదీ అడగలేదు, ఒక్కటే అడిగాడు. "తప్పిపోయాక తర్వాతి రైలు ఎంతసేపటికొచ్చింది?"

"ఇరవై నిమిషాలకండి."

ఎజ్రా నది అవతలికి చూశాడు. పంటు కోసం జనం కూర్చుని గంటన్నర దాటింది. ప్రిస్కిల్లా ఆయన జేబు వంకే చూస్తోంది.

వీరమ్మ గుడ్డ మడత పెడుతూ కొడుకుతో అంది. "నా గుడ్డ అన్ని సముద్రాలు దాటి వెళ్ళింది. దానికి భాషా రాదు, ఫోనూ లేదు. అయినా చెక్కుచెదరకుండా వచ్చి నా ఒళ్ళోనే పడింది. లెక్క తప్పిన గుడ్డే దారి తప్పలేదు, లెక్కల్లో ఫస్టొచ్చిన పిల్ల తప్పుతుందేంట్రా?"

ఎజ్రా జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం మడత విప్పి, మోకాలి మీద ఆనించి, పూర్తి పేరు రాసి సంతకం పెట్టాడు. ప్రిస్కిల్లా ఆ కాగితాన్ని అక్కడికక్కడే ఫోటో తీసి కాలేజీకి పంపేసి, మామ్మ మెడ చుట్టూ చేతులు వేసింది.

పోటు తగిలింది. పంటు ఇసుక మీంచి లేచి, ఇవతలి ఒడ్డుకొచ్చి హారను మోగించింది. సుకుమార్ గుడ్డని వీరమ్మకే ఇవ్వబోయాడు, మీ చేతి పనే కదా ఉంచుకోండి మామ్మగారూ అని. ఆవిడ వద్దంది.

"మీ అత్తకే ఇయ్యి బాబూ. రాణీగారిచ్చారనే చెప్పు. ఇప్పుడది అబద్ధం కాదుగా."

పంటు ఒడ్డు వదిలేసరికే సుకుమార్ గొంతు మళ్ళీ లేచింది. కొబ్బరికాయల బస్తాల మీద కూర్చున్న ఎవరికో చెబుతున్నాడు. "అంత వయసులో కూడా రాణీగారు స్వయంగా రేవు దాకా వచ్చి నన్ను సాగనంపారండి, కావాలంటే అటు చూడండి." వాళ్ళు తిరిగి చూశారు. ఒడ్డు మీద టీ కొట్టు బల్ల మీంచి వీరమ్మ సూది పట్టుకున్న చెయ్యి ఎత్తి, నింపాదిగా రెండుసార్లు ఊపింది.