‘ఆగే’ అన్న మాస్టారు

2017 జూన్ 5, సోమవారం ఉదయం, రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పదవీ విరమణ చేసి వారమైనా తిరక్కముందే, శ్రీ వరాహనరసింహం గారు హౌరా లైన్లోని ఈ రైల్వే ఊళ్లో, ఇందా పేటలో, కొత్త వ్యాపారాలకు చేయూతనిచ్చే మన నవోద్యమ కేంద్రంలో మార్గదర్శకులుగా చేరారు. రిటైరవడం మొదటిసారి వారికి సరిగ్గా కుదరలేదనీ, అందుకే రెండోసారి ప్రయత్నిస్తున్నారనీ మా అభిప్రాయం. ఈసారి నిజంగానే వెళ్తున్నారని తెలిసి కేంద్రమంతా నిర్ఘాంతపోయింది. టీ మిషను ఇంకా తేరుకోలేదు.

తొలినాళ్లలో ఒక యువకుడు, ఫొటో చూసి చేప తాజాదో కాదో చెప్పే యాప్ గురించి ఉదయమంతా తెర మీద బొమ్మలు వేసి వివరించాడు. మాస్టారు చివరిదాకా ఓపిగ్గా విన్నారు. “బాబూ, గోల్‌బజార్లో సేప కొనే దీదీ ఎప్పుడైనా ఫొటో సూసి కొన్నాదేటి? ఎల్లి అడిగిరా” అన్నారు. వెళ్లినవాడు వేరే వ్యాపారంతో తిరిగొచ్చాడు. వారు జవాబు చెప్పరు, అడగాల్సిన మనిషి దగ్గరికి పంపుతారు. పొరపాటున కూడా మెచ్చుకోరు.

తాల్‌బగీచా అమ్మాయి భవ్యకు ఈ సంగతి బాగా తెలుసు. ఓ ఏడాది వేసవిలో బడిలో ఉద్యోగం మానేసి, తెలుగు అంతగా రాని స్నేహితురాలు మౌమితతో కలిసి ఇడ్లీపిండి పాకెట్ల వ్యాపారం మొదలుపెట్టింది. దసరాలోగా నిలదొక్కుకోకపోతే మళ్లీ బడికే వెళ్తానని ఇంట్లో మాటిచ్చింది. ఆ మే నెలలో, రుబ్బురోలు మిషను హోరులోంచే ఫోన్లో అరిచింది: “మాస్టారూ, రేపు షాపులన్నింటికీ పంపించేస్తన్నాం!”

మాస్టారు అప్పుడు రైల్లో ఉన్నారు. వారి జవాబు మిషను చప్పుడులో భవ్యకు వినపడలేదు. ఆమె రెండు చేతులూ పిండిలో ఉంటే ఫోను మౌమిత చెవికి పెట్టుకుంది. అంతలో లైను తెగిపోయింది.

“మాస్టారు ఏటన్నారే?” అంది భవ్య.

“తీన్ బార్ బోలే! ఆగే! ఆగే! ఆగే!”

ముందుకు పదమని, అదీ మూడుసార్లు! భవ్య పిండి చేతులతోనే గంతేసింది. కేంద్రం చరిత్రలో ఎవరికీ దక్కని ప్రోత్సాహం అది. తెల్లారేసరికి పాకెట్లు షాపులకు చేరాయి.

మధ్యాహ్నానికి అవి పూరీల్లా ఉబ్బాయి. మొదటిది నగరేశ్వరరావు గారి కిరాణా షాపులో, ఆయన తెల్లచొక్కాకు ఎదురుగా పేలింది. ఆ చప్పుడుకు హౌరా వెళ్లే బండి కాసేపు ఆగిందని కొందరంటారు. మేం ఖండించలేదు.

“ఏటమ్మా ఇది? పిండా, బాంబా?” అన్నారాయన పరుగున వచ్చిన భవ్య, మౌమితలతో, మీసాల నుంచి పిండి దులుపుకుంటూ.

రైలు దిగుతూనే సంగతి విని తిన్నగా అక్కడికే వచ్చిన మాస్టారుని చూడగానే భవ్యకు ఏడుపాగలేదు. “మీరే గదా మాస్టారూ ఆగే అన్నారు!”

“ఆగే అనే అన్నాను తల్లీ! ఆగవే పిల్లా అని! ఎండలో ఒకరోజు పెట్టి సూడమని సెప్పేలోపు లైను పోయింది. మల్లీ కలిస్తే గదా!”

“స్యార్, ఆగే మానే తో సామ్నే!” అంది మౌమిత, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఒకే మాట. తెలుగులో బ్రేకు, హిందీలో పచ్చజెండా.

మాస్టారు చేతిసంచి భుజాన వేసుకున్నారు. “పద, షాపులన్నీ తిరుగుదాం. నీ పిండి గాబట్టి నువ్వే మాటాడాల. నాను నీ ఎనకాల నిలబడతాను.”

ఆ ఎండలో భవ్య ప్రతి షాపులోనూ తనే క్షమాపణ చెప్పింది, తనే తిట్లు తింది. వారు ఒక్కసారీ అడ్డురాలేదు. ప్రతిచోటా చివర్లో మాత్రం, “ఆ ఆగే అన్న మాట నాది, ఆ తప్పు నా కాతాలో ఎయ్యండి” అన్నారు. నగరేశ్వరరావు గారు చొక్కా వైపు చూసుకుని, “మాస్టారు ఎనకాల ఉన్నారు గాబట్టి ఇంకోసారి పట్రా. ముందు నా సొక్కా ఉతికించు” అన్నారు.

చొక్కా ఉతికించారు. ఈసారి పాకెట్లను ఎండలో పెట్టి చూసి, ఫ్రిజ్ ఉన్న షాపులకే ఇచ్చారు. దసరా వచ్చింది, వెళ్లింది. భవ్య బడికి వెళ్లలేదు. ఇకనుంచి మన కేంద్రంలో మాస్టారి కుర్చీలో కూర్చునేది ఆమే. వెనకాల నిలబడటం కూర్చోవడం కన్నా కష్టమని ఇప్పటినుంచే భయపడుతోంది.

ఇక ఆ ప్రశ్నలన్నీ ఇంట్లో ఎదుర్కోబోయే వారి సతీమణి శ్రీమతి సరోజాదేవి గారికి మా ప్రగాఢ సానుభూతి. మాస్టారు ఆరోగ్యంగా, మా ఫోన్లు ఎత్తుతూ నిండు నూరేళ్లు ఉండాలని మా అందరి ఆకాంక్ష. వారి ఆయుష్షుకు మేం చెప్పేది ఒక్కటే మాట:

ఆగే! ఆగే! ఆగే!

దయచేసి దీన్ని మౌమిత విన్నట్టే వినగలరు.