వర్తమానకాలపు వాన

ఎమ్మిగనూరులో బస్సులు ఆగేచోట పుల్లన్న టీ అంగడి ఉంది. ఆదివారం పొద్దున అక్కడ టీకి మాత్రమే డబ్బులు, కాశప్ప అయ్యవారి కోతలు ఊరకే వచ్చేవి. ఆయన బల్ల మీద పిల్లల నోటుపుస్తకాల దొంతి పెట్టుకుని, ఎర్రసిరా బుడ్డిలో కలం ముంచి తప్పులు దిద్దుతూనే కోతలు కోసేవాడు. చెయ్యి దారి చెయ్యిది, నోటి దారి నోటిది.

ఆ వేళ మద్దిలేటి మగ్గం దిగి వచ్చింది టీ కోసం కాదు. దొంతిలో పైనుంచి నాలుగో పుస్తకం అతని కూతురు సంతోషమ్మది. ఐదో తరగతి పిల్ల. 'మా ఇల్లు' అని వ్యాసం రాయమంటే "మాయమ్మ మగ్గానికి నూలు కండెలు సుడతాండాది" అని మొదలుపెట్టి, ఇంట్లో మాట్లాడినట్టే రెండు పేజీలు ఎక్కడా ఆగకుండా రాసింది. మొన్న సాయంత్రం ఇంట్లో అది చదివినప్పటినుంచి మద్దిలేటికి సంతోషమెంతో గుబులూ అంతే. దాన్ని కొట్టేయొద్దని అయ్యవారితో చెప్పాలి. తనకు అక్షరాలు నేర్పిన మనిషితో ఆ మాట ఎట్లా అనాలో తెలియక బెంచీ చివర కూర్చున్నాడు.

"రాప్పా మద్దిలేటీ, మంచి టయానికి వచ్చినావు" అన్నాడు కాశప్ప. "ఈ గోనెగండ్ల పెద్దయ్య అడుగుతాండాడు, పిల్లోళ్ళకు రాసేది ఎట్ల నేర్పిస్తావని. నీ కతే సెప్తాండా."

బస్సు కోసం కూర్చున్న పెద్దయ్య తలపాగా సర్దుకుని ముందుకు జరిగాడు.

"ఇది ఇరవై ఏండ్ల మాటప్పా, మనం ఇంకా బళ్ళారి జిల్లాలో ఉన్నప్పటిది. వ్యాసం రాయండ్రా అంటే పిల్లోళ్ళంతా కలాలు కొరుక్కుంటా కూసున్యారు. అప్పుడు నేనేమన్యానో తెలుసునా? ఒరే, మీ ఇంట్లో ఎట్ల మాట్లాడతారో అట్లే రాయండ్రా అంటి. ఏ బళ్ళో ఏ అయివారన్నా అట్లంటాడా? నేనంటి. ఈ మద్దిలేటి అప్పుడు ఇంత పిల్లోడు, 'వాన పడతాండాది' అని రాసినాడు. నేను లేసి గెట్టిగా సదివినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? టప్పుమని ఒక సినుకు నా బట్టతల మీద."

"వానాకాలమేమో" అన్నాడు పుల్లన్న టీ వడపోస్తూ.

"నడి ఎండాకాలమప్పా. సదివేది ఆపితే నిలిసిపాయ, మళ్ళా సదివితే మళ్ళా పడె. ఊరి ఆడోళ్ళంతా కడవలు తెచ్చి మా బళ్ళో పెట్టిరి."

కాశప్ప ఒక పుస్తకం మూసి పక్కన పెట్టాడు. మద్దిలేటి దొంతి వైపు చూశాడు. ఇంకా రెండు పోతే తన కూతురిది.

"ఆ మాట కలెక్టరు సెవిన పడె. గూడూరు ఎండిపోతాండాది, ఆ పిల్లోనితో రాపీ అని కబురు పంపె. వీడు 'గూడూరులో వాన పడతాండాది' అని రాసినాడు. కర్నూలు కాడి గూడూరని రాయలా. వాన నేరుగా పోయి నెల్లూరు కాడి గూడూర్లో పడె. ఆడ ముందే నీళ్ళు జాస్తి. వాళ్ళు తిట్టుకుంటా నాకు కార్డు రాసిరి."

"మా గోనెగండ్లకు రాపీలేదా మరి?" పెద్దయ్య అడిగాడు. ఈ ఏడు అతని కొర్ర పైరు ఎండిపోయింది, అందుకే నవ్వుతూ అడగలేదు.

"రాపిస్తి. ఆడనే సిక్కు వచ్చె. 'పడతాండాది' ఏ కాలమప్పా? వర్తమానకాలం. అది పడతానే ఉంటాది, ముగిసేదెప్పుడు? పద్దెనిమిది దినాలు పడె. ఆదోనిలో పత్తి బేళ్ళు బాతుల మాదిరి తేలిపాయ. ఇన్‌స్పెక్టరు ఒక బేలు మీద కూసొని మా బడి కిటికీలోంచి లోపలికొచ్చినాడు. కాశప్పా, ఆ వాక్యాన్ని భూతకాలంలోకి మార్సు, లేకుంటే కొండమీది కోట గూడా మునుగుతాది అన్యాడు. నేను ఈదుకుంటా పోయి, ఎర్రసిరా కలం తీసి, ఆ పిల్లోని వాక్యం మీద ఇట్ల పెట్టి..."

చెబుతూ చెబుతూనే మధ్యలో రెండూ ముగించి, సంతోషమ్మ పుస్తకం తెరిచాడు. కలం ముంచాడు.

మద్దిలేటి లేచి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. అయ్యవారిని తాకడం అతనికి జన్మలో అదే మొదలు.

"ఎర్రసిరా నిజమే అయ్యవారూ" అన్నాడు. "మిగిలిందేదీ జరగలా. వాన పడలా. ఇంట్లో మాట్లాడినట్ల రాయమని మీరు అనలా. 'వాన పడతాండాది' అనే దాన్ని కొట్టేసి పైన 'వర్షము కురియుచున్నది' అని రాస్తిరి. ఇది గొర్లు కాసేటోళ్ళ మాట, పుస్తకంలోకి రాగూడదంటిరి. అది మాయమ్మ మాట. ఆ పొద్దు నుంచి అడిగినదానికి జవాబు రాసినా గానీ, నా అంతకు నేను ఒక్క వాక్యం రాయలా. ఇంతసేపూ మీరు సెప్పిన కత గూడా గొర్లు కాసేటోళ్ళ మాటల్లోనే గదా సెప్తిరి."

పుల్లన్న వడపోసే గుడ్డ పక్కన పెట్టి ఇటు తిరిగాడు.

మద్దిలేటి చెయ్యి వదిలాడు. అయ్యవారు కసురుతాడనుకున్నాడు. ఆయన కసురలేదు. దొరికిపోయిన మనిషిలా కూడా కనపడలేదు. ఇంట్లో మాట్లాడినట్టే రాయండ్రా అని అప్పుడే అని ఉంటే ఎంత బాగుండునో అని ఎన్నో ఆదివారాలు అనుకుని, చివరికి అన్నాననే నమ్మేసిన మనిషిలా ఉన్నాడు. మద్దిలేటికి కోపం సగం దిగి, ఆయన మీద జాలేసింది.

"గొర్లు కాసేటోళ్ళ మాట అంటినా?" అన్నాడు కాశప్ప.

"అంటిరి."

"అనింటా. నాకట్లే నేర్పినారప్పా."

ఆయన సంతోషమ్మ వ్యాసం పెదవులు కదుపుతూ చివరిదాకా చదివాడు. ఒకచోట చిన్నగా నవ్వాడు కూడా. ఎక్కడా కలం పెట్టకుండా మూసి మద్దిలేటి చేతికిచ్చాడు. బస్సు వచ్చింది. పెద్దయ్య వెళ్ళిపోయాడు.

మద్దిలేటి లేవబోతుంటే కాశప్ప కూర్చోమన్నట్టు చెయ్యి చూపి, ఇందాక దిద్ది పక్కన పెట్టిన పుస్తకాల్లో ఒకటి తెరిచాడు. ఎవరో పిల్లవాడు వాళ్ళ అవ్వ గురించి రాసిన వాక్యం. ఏ అక్షరమూ కనపడకుండా కొట్టేసి, పైన తన గుండ్రటి చేతిరాతలో 'పోవుచున్నది' అని రాసి పెట్టాడు. ఇప్పుడు ఆ 'పోవుచున్నది' మీద గీత గీశాడు. పిల్లవాడి మాట మళ్ళీ రాయడానికి కలం ముంచి, కాగితం దాకా తెచ్చి ఆగిపోయాడు. రోజుకు పదిసార్లు అనే మాట. పాతికేళ్ళుగా బడి పంతులు, దాన్ని ఒక్కసారీ రాసి ఎరగడు.

"మద్దిలేటీ" అన్నాడు మెల్లిగా, "పోతాండాది అని రాసేది ఎట్లప్పా? దీర్ఘాలు యాడ పెట్టల్ల?"