పాలోడి కబురు

కోరుట్లలో కొమురెల్లి ఇంటి ముందు పచ్చని పందిరి. తెల్లారితే బిడ్డ మనీషా పెళ్లి. అతని పాలోడు శంకరయ్య, అంటే దాయాది, సొంత పెద్దనాన్న కొడుకు, కరీంనగర్‌లో ఆసుపత్రి పాలై ఉన్నాడు. ఇప్పుడు శంకరయ్య భార్య రాజవ్వ ఆటో దిగి గేటు దాకా వచ్చింది. కొమురెల్లి గేటు దగ్గరికి ఉరికాడు. గేటు మాత్రం తీయలేదు.

"ఆడ్నే ఆగు. నోరు తెరువకు."

"గదేంది కొమురెల్లీ? మీ అన్న..."

"వద్దన్న గదా! ఆ ముచ్చట నా చెవుల వడొద్దు."

"ఏ ముచ్చట?"

"నాకు తెల్వదా? దవాఖానల పడ్డోని పెండ్లాం గిట్ల ఉరికచ్చిందంటే ఏం కబురు తెస్తది? పాలోడు పోయిండని ఇంటే ఇల్లందరికి మైల. తానాలు జెయ్యాలె, దినాలయ్యేదాంక పెండ్లి ఆపాలె. నేను ఇనలే. ఇనలే అంతే!"

"నన్ను జెప్పనియ్యవా?"

"రేపు పుస్తె కట్టినంక చెప్పు. అప్పుడచ్చి ఏడుస్త."

"అంటే... పాలోడు పోయినా గడప దాటవు?"

"ఎక్కడి పాలోడు? తాతల నాటి ముచ్చట. ఇంటిపేరు ఒక్కటైతే అందరు పాలోళ్లయితరా?"

"గొల్లపల్లిల బాయికాడి భూమి పంచిననాడు, నేను పాలోన్నని రొమ్ము గుద్దుకున్నవ్ గదా."

"పంచుకున్నం, అయిపోయింది. పాలు తెగినంక ఇంక పాలోళ్లేంది?"

"మీ నాయిన పోయిననాడు పాడె మోసింది ఎవలు?"

"మోసిండు. మోయమని నేను కాళ్లు మొక్కిన్నా?"

"మెల్లగ మాట్లాడు. ఆటో గీన్నే ఉన్నది."

"ఉంటే ఉండనీ! ఆటోడు నాకు భయమా? గట్టిగనే చెప్తున్న ఇను. శంకరయ్య నాకు పాలోడు కాదు, ఏం కాదు. సచ్చినా బతికినా నాకు సంబంధం లేదు. ఇగ పో!"

"పోత. ఆయన సచ్చిపోలే కొమురెల్లీ. దవాఖానల పొద్దుగాల్నే ఇడిసిపెట్టిండ్రు. ఇంటికి గుడ వోలే. ముందుగాల మనీషాకు అక్షింతలేస్తనని ఈడికే తీస్కపొమ్మన్నడు. ఆ ఆటోలనే కూసున్నడు. అన్నీ ఇన్నడు."

"వదినే... గేటు తీస్త, ఆగు వదినే..."

"తియ్యకు. ఇంటికి వోయి తానాలు జెయ్యాలె మేము. మా పాలోడు పోయిండు."