ఆ గదికి ఇంకో తలుపు లేదు

నా పేరు షేక్ షరీఫా. భర్త ముస్తాక్. వయసు నలభై ఏడేళ్ళు. మచిలీపట్నం చిలకలపూడిలో మా ఇంట్లోనే రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్ళు అంటించే పని చేస్తాను. ఎస్సై గారు అడిగిన మీదట చెబుతున్నాను.

నిన్న మంగళవారం మధ్యాహ్నం మా ఆయన గిలకలదిండిలో పడవలకు ఐసు ఎక్కించే పనికి వెళ్ళారు. నేను వంటింట్లో గోంగూర పచ్చడి నూరుతున్నాను. మా అమ్మాయి నీలోఫర్ తొమ్మిది రోజుల బాలింత. బిడ్డతో వెనక గదిలో పడుకుని ఉంది. దగ్గరగా వేసి ఉన్న వీధి తలుపు తోసుకుని కొండలరావు లోపలికి వచ్చాడు. రంజాన్ ముందు మా ఇంటికి రంగులు వేసినవాడే. చేతిలో కత్తి ఉంది. బీరువా తాళాలు అడిగాడు. ఇవ్వనన్నాను. అరిస్తే పొడుస్తానని నా మెడ పట్టుకున్నాడు. పచ్చడిబండ నా చేతిలోనే ఉంది. వాడి మోచేతి మీద కొట్టాను. మెడ వదిలాడు గానీ కత్తి వదల్లేదు.

అప్పుడే వెనక గదిలో బిడ్డ ఏడ్చింది. వాడు అటు తిరిగాడు. ఆ గది గడప దగ్గర వెనకనుంచి తల మీద కొట్టాను. పడిపోయాడు.

దెబ్బ వెనక తల మీద ఉంది, పారిపోతున్నవాణ్ణి కొడితే ఆత్మరక్షణ కాదని ఎస్సై గారు అంటున్నారు. వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. పారిపోయేవాడు అటు పోవాలి. ఆ గదికి ఇంకో తలుపు లేదు. కిటికీ కూడా లేదు. నాలుగు గోడలకూ రంగు వేసింది వాడే. కత్తి పట్టుకుని బాలింత గదిలోకి ఎవడు పారిపోతాడండీ?

"ఒక్క దెబ్బతో ఆగొచ్చు కదమ్మా" అని పొద్దుటినుంచి అడుగుతూనే ఉన్నారు. ఆగి ఉంటే ఈపాటికి ఎవరి శవం దగ్గర కూర్చుని రాసుకునేవారు? నాకు ఒళ్ళు మండిపోతోంది. వాడు ఆస్పత్రిలో మంచం మీద ఉన్నాడు. నేను స్టేషన్లో బెంచీ మీద ఉన్నాను. వాడు బతకాలి. ఏ వైపు తిరిగాడో వాడి నోటితోనే చెప్పాలి.

పచ్చడిబండ సాక్ష్యానికని తీసుకెళ్ళారు. దానికి అంటుకున్నదంతా రక్తం కాదు, గోంగూర కూడా ఉంది. అదీ రాయమన్నాను.

రాసింది చదివి వినిపించారు. 'పారిపోతుండగా కొట్టాను' అని ఉంది. ఆ మాట నేను అనలేదు. కొట్టేయించి, 'నా కూతురి గదిలోకి పోతుండగా కొట్టాను' అని రాయించాను. కొట్టేసిన చోట కూడా సంతకం పెట్టాను. మిగతాది నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. వేలిముద్రకు సిరా తెచ్చారు. అక్కర్లేదు, నాకు సంతకం వచ్చు.

(సం.) షేక్ షరీఫా